ఆ పిల్లాడు చెప్పబోయిన మాట

(ఒక ఫిల్మ్ సొసైటీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పిల్లల సినిమాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. సరేనంటూనే చిన్న సవరణ అడిగాను. పిల్లల కోసం తీసిన సినిమాలు వేరు, పిల్లల గురించి తీసిన సినిమాలు వేరు, నేను రెండో రకం గురించి మాట్లాడతానన్నాను. ఇవాళ నేను పేరెత్తబోయే వాటిలో ఒకటి రెండు పిల్లలకు అసలు చూపించకూడనివి. (నవ్వులు)

ఒంటరితనం అనగానే ఎవరూ లేని చోట ఒక్కడే కూర్చున్న మనిషి కళ్ళముందుకొస్తాడు. నా వయసు తెలుగు ప్రేక్షకులకైతే 1972 నాటి 'పాపం పసివాడు' గుర్తొస్తుంది. ఎడారిలో తప్పిపోయిన పిల్లాడి కథ. అందులో అమ్మానాన్నల్ని చూడాలని ఉందంటూ వచ్చే పాట ఇప్పటికీ ఎక్కడైనా వినబడితే కొందరికి గొంతు పట్టేస్తుంది. అయితే ఆ పిల్లాడి కోసం కన్నవాళ్ళు అల్లాడిపోతున్నారని మనకు తెలుసు. వాడు దొరికితే చాలు, కష్టం తీరిపోతుంది. నేను చెప్పదలచుకున్న పిల్లలు తప్పిపోయినవాళ్ళు కారు. ఇంట్లోనే ఉంటారు. పక్కనే అమ్మ ఉంటుంది, బళ్ళో మాస్టారుంటారు, వీధినిండా మనుషులుంటారు. వాళ్ళ దగ్గర ఒక మాట ఉంటుంది. అది వినేవాళ్ళు దొరకరు.

నేను మళ్ళీ మళ్ళీ చూసే సినిమాలు నాలుగైదు ఉన్నాయి. ఇరాన్, ఫ్రాన్స్, జపాన్, బెంగాల్. ఒకదానికొకటి సంబంధం లేదు. అన్నింట్లోనూ ఒక పిల్లాడు ఏదో చెప్పబోతాడు, పెద్దవాళ్ళు వినరు, లేదా విని నమ్మరు. కొన్నాళ్ళకు వాడు చెప్పడం మానేస్తాడు. వాడు పెద్దవాడైపోయాడని మనం అనుకునేది అప్పుడే. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇంతే. మిగతాదంతా ఆ సినిమాలే చెబుతాయి.

ముందు ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తమీ. 1987లో వచ్చిన 'వేర్ ఈజ్ ది ఫ్రెండ్స్ హౌస్'. కథ అరచేతిలో పట్టేంత చిన్నది. అహ్మద్ అనే కుర్రాడు బడి నుంచి వస్తూ పొరపాటున పక్కవాడి నోట్‌బుక్ కూడా తెచ్చేసుకుంటాడు. రెండూ ఒకేలా ఉంటాయి. ఆ పక్కవాడికి ఆ రోజే మాస్టారు ఆఖరి హెచ్చరిక ఇచ్చాడు. హోంవర్క్ నోట్‌బుక్‌లో కాకుండా విడి కాగితం మీద ఇంకోసారి రాసుకొస్తే బడి నుంచి పంపించేస్తానన్నాడు. అంటే ఈ నోట్‌బుక్ రాత్రిలోగా వాడికి చేరకపోతే రేపు వాడి పని అయిపోయినట్టే.

ఇప్పుడు ఇంట్లో సీను. అమ్మ బట్టలు ఉతుకుతూ ఉంటుంది. అహ్మద్ వచ్చి సంగతి చెబుతాడు. ముందు హోంవర్క్ చేసుకో అంటుంది. వాడు మళ్ళీ చెబుతాడు. రేపు ఇద్దువుగానిలే అంటుంది. మళ్ళీ చెబుతాడు. మధ్యలో చంటిపిల్ల ఏడుస్తుంది, చూడమంటుంది. వాడు వెళ్ళి చూసి, వెనక్కొచ్చి, మళ్ళీ అదే మాట దాదాపు అవే పదాలతో చెబుతాడు. గొంతు పెంచడు. ఎదురు మాట్లాడడు. 'మాస్టారు వాణ్ణి పంపించేస్తాడమ్మా' అన్నదే పాఠం అప్పజెప్పినట్టు చెబుతాడు. ఇక్కడ ప్రేక్షకులు మొదట్లో నవ్వుతారు, నేనూ నవ్వాను. కాసేపటికి ఆ నవ్వు ఎవరూ చెప్పకుండానే ఆగిపోతుంది. ఒకటి గమనించండి, ఆవిడ చెడ్డ తల్లి కాదు. చేతినిండా పనితో సతమతమవుతున్న మనిషి. పిల్లాడి గొంతు ఆవిడ చెవిన పడుతూనే ఉంది, అందులో ఉన్న సంగతి మాత్రం లోపలికి వెళ్ళడం లేదు. మనలో ఎంతమందిమి నిన్న సాయంత్రం ఇంట్లో అలా లేము?

చివరికి వాడు అమ్మ కన్నుగప్పి పరిగెడతాడు. కొండమీదికి వంకరటింకరగా పోయే ఆ దారి చాలామందికి తెలుసు, పోస్టర్లమీద అదే ఉంటుంది. సినిమా కోసమే ఆ దారిని ప్రత్యేకంగా వేయించారు. నాకు మాత్రం దారి కంటే వాడి తాత ఎక్కువ గుర్తుండిపోయాడు. తాత మనవణ్ణి ఆపి ఇంటికెళ్ళి సిగరెట్లు తెమ్మంటాడు. వాడటు వెళ్ళగానే పక్కనున్నాయన ఇంకో సిగరెట్ ఇవ్వబోతే, నా దగ్గరున్నాయి, పిల్లాడికి చెప్పినమాట వినడం అలవాటు కావాలని పంపించానంటాడు. తన తండ్రి తనకు వారం వారం డబ్బులిచ్చేవాడట, పదిహేను రోజులకోసారి కొట్టేవాడట. డబ్బులివ్వడం అప్పుడప్పుడు మరిచిపోయేవాడు గాని కొట్టడం మాత్రం ఎన్నడూ మరిచిపోలేదట. ఇది ఆయన గర్వంగా చెబుతాడు. మాట వినడం అంటే ఆ ఊళ్ళో పిల్లలు పెద్దల మాట వినడమే. అటునుంచి ఇటు లేదు.

ఆ పిల్లాడి మాట పూర్తిగా విన్నది ఒక్కరు, తలుపులూ కిటికీలూ చేసే ముసలి వడ్రంగి. చీకటి పడ్డాక అహ్మద్‌ని వెంటబెట్టుకుని దారి చూపిస్తానని బయలుదేరతాడు. ఆయన నడక నెమ్మది. దారిపొడుగునా తను చేసిన తలుపుల గురించి చెబుతుంటాడు, జనం వాటిని పీకేసి ఇనపతలుపులు పెట్టించుకుంటున్నారని. అంటే ఆయనా చెప్పుకోవడానికి మనిషి కోసం వెతుక్కుంటున్నవాడే. తొందరలో ఉన్న పిల్లాడు ఆ ముసలాయన నడకకు తగ్గట్టు నడుస్తూ, వింటాడు. తీరా ఆయన తీసుకెళ్ళిన ఇల్లు వీడికి కావలసిన ఇల్లు కాదు. విన్న ఒక్క మనిషీ సాయం చెయ్యలేకపోయాడు. ఇంకో దర్శకుడైతే అక్కడ ఇల్లు దొరికేలా చేసేవాడు. కియరోస్తమీ చెయ్యలేదు. అహ్మద్ ఇంటికొచ్చి, రాత్రి కూర్చుని, స్నేహితుడి హోంవర్క్ కూడా తనే రాసేస్తాడు. పొద్దున మాస్టారు నోట్‌బుక్ తెరిస్తే ముసలాయన ఇచ్చిన పువ్వు అందులో ఉంటుంది. మాస్టారికి ఏమీ తెలియదు. రాత్రంతా జరిగిన కథ ఆ పిల్లాడికీ మనకూ మధ్యే ఉండిపోతుంది.

ఇప్పుడు అబద్ధం చెప్పిన పిల్లాడి దగ్గరికి వెళదాం. ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో 1959లో తీసిన 'ఫోర్ హండ్రెడ్ బ్లోస్'. అంత్వాన్ అనే కుర్రాడు బడి ఎగ్గొట్టి తిరుగుతుంటే, వీధిలో అమ్మ ఇంకో మగవాణ్ణి ముద్దు పెట్టుకుంటూ కనబడుతుంది. ఆవిడా వీణ్ణి చూస్తుంది. ఆ సంగతి వాడు నాన్నకు చెప్పలేడు, అమ్మను అడగలేడు. మర్నాడు బళ్ళో మాస్టారు నిన్నెందుకు రాలేదని గద్దిస్తే వాడి నోట్లోంచి వచ్చిన మాట, అమ్మ చచ్చిపోయిందని. అంతదాకా కరకుగా ఉన్న మాస్టారు ఒక్కసారిగా మెత్తబడిపోతాడు. వాడు ఇంతవరకూ చెప్పిన ఏ నిజానికీ దొరకని జాలి ఆ అబద్ధానికి దొరికింది. అది కాసేపే. అమ్మానాన్నలు బడికొస్తారు, అందరి ముందూ చెంపదెబ్బ పడుతుంది. నాకెప్పుడూ అనిపిస్తుంది, ఆ అబద్ధంలో సగం నిజమేనని. వాడికి తెలిసిన అమ్మ నిన్న వీధిలో పోయింది.

తర్వాత దొంగతనం, పోలీసులు, బాలనేరస్థుల కేంద్రం. అక్కడ ఒక సైకాలజిస్టు వాణ్ణి ప్రశ్నలడుగుతుంది. సినిమా మొత్తంలో నాకు ప్రాణం ఈ సీనే. ఆవిడ కనబడదు, గొంతే వినిపిస్తుంది. కెమెరా కుర్రాడి మీదే ఉంటుంది. అంత్వాన్‌గా వేసిన ఝాన్-పియెర్ లియో ఆ జవాబులు చాలావరకు అప్పటికప్పుడు సొంతంగా చెప్పినవే. బల్లమీద చేతులు కదుపుతూ, కిందికి చూస్తూ, మధ్యలో సిగ్గుగా నవ్వుతూ. నువ్వెప్పుడూ అబద్ధాలే చెబుతావని మీవాళ్ళంటున్నారు అని ఆవిడంటే వాడి జవాబు ఈ అర్థంలో ఉంటుంది. అప్పుడప్పుడు చెబుతానండీ, నిజం చెప్పినా ఎలాగూ నమ్మరు కదా, అందుకని అబద్ధమే నయమనిపిస్తుంది. అంతకుముందు ఎవరూ వాణ్ణి కూర్చోబెట్టి అడిగిన పాపాన పోలేదు. అడిగిన మొదటి మనిషి జీతం తీసుకుని అడిగే మనిషి, ఆవిడ ముఖం కూడా మనకు తెలియదు. 

త్రూఫో కూడా చిన్నప్పుడు అలాంటి కేంద్రంలో కొన్నాళ్ళున్నవాడే. ఆయన్ని బయటికి తెచ్చి చేరదీసిన మనిషి సినీ విమర్శకుడు ఆంద్రే బజాఁ. ఈ సినిమా షూటింగ్ 1958 నవంబరులో మొదలైతే, మొదలైన మర్నాడే బజాఁ పోయాడు. సినిమా ఆయనకే అంకితం. చెప్పుకోడానికి ఒక్క మనిషి దొరికిన పిల్లాడు దర్శకుడయ్యాడు, దొరకని పిల్లాడి కథ తీశాడు.

అదే 1959లో జపాన్‌లో ఓజు ఒక హాస్యచిత్రం తీశాడు, 'గుడ్ మార్నింగ్'. ఇద్దరు అన్నదమ్ములు టీవీ కొనమని గొడవచేస్తుంటే తండ్రి నోర్ముయ్యండి అంటాడు. ఎక్కువ మాట్లాడుతున్నారట. దానికి పెద్దవాడు ఎదురు తిరిగి, మీరు మాత్రం మాట్లాడేదేముంది, శుభోదయం, ఎక్కడికి, ఇవాళ వాతావరణం బావుంది, ఇంతే కదా అంటాడు. (నవ్వులు) ఇద్దరూ మౌనవ్రతం పడతారు. ఇంట్లోనూ మాట్లాడరు, బళ్ళోనూ మాట్లాడరు. పలకరిస్తే పలకకపోయేసరికి, వాళ్ళమ్మకు తమమీద కోపమేమోనని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు లేనిపోనివి ఊహించుకుంటారు. నవ్వుతూ చూసే సినిమా కాబట్టి దీన్ని ఈ జాబితాలో ఎవరూ చేర్చరు. నేను చేరుస్తాను. పిల్లల మాటకు విలువ లేదన్నప్పుడు వాళ్ళ దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆయుధం మాట్లాడకపోవడం. ఓజు కరుణామయుడు, చివరికి టీవీ కొనిపెట్టాడు.

జపాన్‌లోనే ఇంకో సినిమా. దీని గురించి మాట్లాడటం నాకంత తేలిక కాదు. హిరొకాజు కొరీడా 2004లో తీసిన 'నోబడీ నోస్'. 1988లో టోక్యోలో బయటపడ్డ ఒక నిజ సంఘటన దీనికి ఆధారం. తల్లి, నలుగురు పిల్లలు. కొత్త అపార్ట్‌మెంట్‌లోకి దిగేటప్పుడు ఇంటివాళ్ళకు ఒక్క పిల్లాడినే చూపిస్తారు, పెద్దవాడు అకిరాని. చిన్నవాళ్ళు సూట్‌కేసుల్లో వస్తారు. తలుపులు వేసుకుని సూట్‌కేసులు తెరిస్తే పిల్లలు నవ్వుతూ బయటికొస్తారు. వాళ్ళకదొక ఆట. ఇంటి నియమాలు: గట్టిగా మాట్లాడకూడదు, బయటికి వెళ్ళకూడదు. కొన్నాళ్ళకు తల్లి కొంత డబ్బూ ఒక చీటీ పెట్టి వెళ్ళిపోతుంది. మధ్యలో ఒకసారి వస్తుంది, మళ్ళీ వెళుతుంది, ఇక రాదు.

అకిరాకు చెప్పుకునే అవకాశం లేక కాదు. తెలిసిన దుకాణం అమ్మాయి అడుగుతుంది, పోలీసులకో శిశుసంక్షేమం వాళ్ళకో చెప్పరాదా అని. చెబితే నలుగురినీ విడదీస్తారు, ఇంతకుముందు ఒకసారి అలాగే అయింది అంటాడు. అంత్వాన్‌కి వినేవాళ్ళు లేరు. ఇక్కడ వినేవాళ్ళు ఉన్నా పన్నెండేళ్ళ వాడు కావాలనే నోరు కట్టేసుకున్నాడు. కుటుంబాన్ని కాపాడుకోవడమంటే వాడికి నిజం దాచడమే.

కొరీడా ఈ సినిమాను దాదాపు ఏడాది పాటు, కథ నడిచే వరసలోనే తీశాడు. పిల్లలకు స్క్రిప్టు ఇవ్వలేదు, ఏ రోజు మాట ఆ రోజు చెప్పేవాడు. అందుకే తెరమీద వాళ్ళు నిజంగా పెరుగుతారు. జుట్టు పెరుగుతుంది, బట్టలు పొట్టివవుతాయి, అకిరాగా వేసిన యూయా యాగిరా గొంతు మారుతుంది. ఆ పిల్లాడికి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది, పద్నాలుగేళ్ళకే. కెమెరా వాళ్ళ ముఖాల మీదకంటే వస్తువుల మీద ఎక్కువసేపు ఆగుతుంది. నేలమీద ఒలికి ఎండిపోయిన గోళ్ళరంగు. మొక్కలు నాటిన ఖాళీ నూడుల్స్ కప్పులు. అడుగేస్తే కీచుమనే చిన్నపిల్ల చెప్పులు. ఆ చిన్నది, యుకి, తన పుట్టినరోజున అమ్మ వస్తుందని పట్టుబట్టి ఆ చెప్పులేసుకుని రాత్రిపూట స్టేషన్‌కి వెళుతుంది. అమ్మ రాదు. ఎప్పుడైనా విమానాలు చూపిస్తానని అకిరా దారిలో మాటిస్తాడు. తర్వాత ఆ పిల్ల ప్రమాదవశాత్తూ చనిపోతే, విమానాశ్రయం దగ్గర పాతిపెట్టడానికి సూట్‌కేసులో పెట్టబోతారు. వచ్చినప్పుడు పట్టిన సూట్‌కేసు ఇప్పుడు పట్టదు. ఎదిగింది కదా.

(కొద్దిసేపు విరామం)

ఆ తల్లిని కొరీడా రాక్షసిలా చూపించలేదు. నవ్వుతూ తుళ్ళుతూ ఉంటుంది, ఆవిడే ఒక చిన్నపిల్ల. విమర్శకులు దీన్ని మెచ్చుకుంటారు. దర్శకుడి సంయమనం నాకూ అర్థమవుతుంది. అయినా ఆవిడ మీద నాకు కోపం పోలేదు, పోవాలని కూడా లేదు.

ఒక పక్క మాట. తెరమీద పిల్లలు ఏడుస్తుంటే, వీళ్ళని ఎలా ఏడిపించారా అని నాకు దిగులు. చాప్లిన్ 1921లో 'ది కిడ్' తీసినప్పుడు అందులో పిల్లాడిగా వేసిన జాకీ కూగన్‌కి ఏడుపు రాలేదట. వాళ్ళ నాన్నే వాణ్ణి పక్కకు తీసుకెళ్ళి, ఏడవకపోతే నిన్ను నిజంగానే అనాథల చోటికి పంపించేస్తామని బెదిరించాడని చాప్లిన్ ఆత్మకథలో రాసుకున్నాడు. తర్వాత చాప్లిన్ ఓదార్చబోతే, నాన్న ఉత్తినే అన్నాడని నాకు తెలుసులే అన్నాట్ట పిల్లాడు. ఆ పిల్లాడు సంపాదించిన డబ్బంతా తల్లీ, మారుతండ్రీ ఖర్చుపెట్టేశారు. కోర్టు కేసయ్యింది. 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనకు రక్షణగా చట్టం వచ్చింది, ఇప్పటికీ దాన్ని కూగన్ పేరుతోనే పిలుస్తారు. సినిమాలో పిల్లాడికోసం కన్నీళ్ళు పెట్టుకునే మనం, తెర వెనక పిల్లాడి సంగతి కూడా అప్పుడప్పుడు అడగాలి.

మన 'స్వాతికిరణం' మాట ఒక్క నిమిషం. తన పాట గురువుకే గిట్టడం లేదని తెలుసుకున్న పిల్లాడు ఆ బరువు ఎవరిమీదా దించుకోలేక ప్రాణమే తీసుకుంటాడు. 1992లో వచ్చింది. సంగీతం బావుందంటూ ఆ సినిమాను తలుచుకుంటాం గాని, అది ఒక పిల్లాడి ఒంటరితనం కథ అని ఎవరూ అనగా నేను వినలేదు. 'తారే జమీన్ పర్' మొదటి సగం కూడా నాకిష్టం. కుటుంబం నుంచి ఒక పిల్లాడు పేజీ పేజీకీ దూరమైపోయే బొమ్మలు నోట్‌బుక్ అంచుల్లో గీసుకుంటాడు చూడండి, అది చాలు. రెండో సగంలో సినిమా మాస్టారి చేతుల్లోకి వెళ్ళిపోతుంది. పెద్దవాళ్ళు వచ్చి పిల్లల్ని ఉద్ధరించే కథలు పెద్దవాళ్ళకే ఎక్కువ నచ్చుతాయి.

ఇక సత్యజిత్ రాయ్. 1955 నాటి 'పథేర్ పాంచాలి'లో రైలు, రెల్లుపూలు అందరూ చెబుతారు, నేను వదిలేస్తాను. అపు అనే పిల్లాడి అక్క దుర్గ చనిపోయిన తర్వాత ఒక చిన్న ముక్క ఉంది. అపు ఒక్కడే పళ్ళు తోముకుంటాడు, తలదువ్వుకుంటాడు. బయటికి వెళ్ళబోతూ ఆకాశం చూసి, వెనక్కొచ్చి గొడుగు తీసుకుంటాడు. అంతకుముందు ఆ పనులన్నీ అక్కో అమ్మో చూసేవాళ్ళు. ఒక్క మాట లేదు. వాన వస్తుందేమోనని ముందే ఆలోచించే వయసు వాడికి ఒక్క చావుతో వచ్చేసింది.

ఆ తర్వాత ఊరు విడిచి వెళ్ళేముందు సామాన్లు సర్దుతుంటే పూసల దండ దొరుకుతుంది. దుర్గ దొంగిలించిందని పొరుగావిడ నింద వేసిన దండ. దుర్గ నేను తియ్యలేదంది, అయినా అమ్మ చేత దెబ్బలు తింది. తీసిందని ఇప్పుడు అపుకి తెలిసింది. అమ్మకు చూపించొచ్చు, నాన్నకు చెప్పొచ్చు. పరిగెత్తుకెళ్ళి చెరువులో విసిరేస్తాడు. దండ పడ్డచోట నాచు విడిపోతుంది, మళ్ళీ మెల్లగా కలిసిపోతుంది. ఇంతదాకా చెప్పిన సినిమాల్లో పిల్లలు చెప్పలేక ఊరుకున్నారు, భయపడి ఊరుకున్నారు. అపు అక్క పరువు కోసం ఊరుకున్నాడు. మాట దాచుకోవడం ఎప్పుడూ దుఃఖమే అనుకోనక్కర్లేదని నాకు నమ్మకం కలిగించింది ఆ చెరువు సీనే.

మరి ఆ అపు పెద్దవాడయ్యాక? 1956లో వచ్చిన 'అపరాజితో' చూడండి. కలకత్తాలో చదువుకుంటూ సెలవులకు ఇంటికొస్తాడు. రాత్రి పడుకుని ఉంటే అమ్మ సర్వజయ పక్కన కూర్చుని మాట్లాడుతుంటుంది. నువ్వు సంపాదిస్తే నన్ను దగ్గరుంచుకుంటావా, నాకు జబ్బు చేస్తే వైద్యం చేయిస్తావా అని అడుగుతుంది. ఆవిడకు అప్పటికే ఒంట్లో బాగాలేదు, ఆ సంగతి సూటిగా చెప్పలేక ఇలా చుట్టుతిప్పి చెబుతోంది. జవాబు రాకపోతే తిరిగి చూస్తుంది. కొడుకు నిద్రపోయాడు. కియరోస్తమీ సినిమాలో అమ్మ బట్టలుతుకుతూ వినలేదు, ఇక్కడ కొడుకు నిద్రలో వినలేదు. ఇద్దరిలో ఎవరినీ తిట్టలేం.

వాడూ మంచివాడే. వెళ్ళే రోజు స్టేషన్‌దాకా వెళ్ళి, రైలు వచ్చినా ఎక్కకుండా ఇంటికి తిరిగొచ్చి, రైలు తప్పిపోయిందంటాడు. అమ్మకోసం ఒక రోజు మిగిల్చి ఇచ్చాడు, అదీ అబద్ధం చెప్పి. ఈ సినిమాకు 1957లో వెనిస్ చిత్రోత్సవంలో స్వర్ణసింహం బహుమతి వచ్చింది, సొంతగడ్డ మీద మాత్రం 'పథేర్ పాంచాలి'లా ఆడలేదు. తల్లి నుంచి దూరం జరిగే కొడుకును చూడటం జనానికి ఇబ్బందైందని రాయ్ అభిప్రాయం. నాకైతే ఆశ్చర్యం లేదు. హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది ఎవరో ఒకరి మాట వినకుండా నిద్రపోయి వచ్చినవాళ్ళే. 

నేను ఇక్కడితో ఆపుతాను, ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: చిన్నప్పుడు మీరు చెప్పలేకపోయిన మాట ఏమైనా ఉందా?)

ఉందండి. ఇంతమందిలో చెప్పేంత పెద్దవాణ్ణి ఇంకా కాలేదు. (నవ్వులు)

(ఇంకొకరు: వీటిలో ఏవి పిల్లలతో కలిసి చూడొచ్చు?)

'గుడ్ మార్నింగ్'తో మొదలుపెట్టండి, హాయిగా నవ్వుతారు. తర్వాత అహ్మద్ సినిమా. వేగం తక్కువ, కాస్త ఓపిక పట్టాలి, కానీ నోట్‌బుక్ పోతే ఏమవుతుందో బడికెళ్ళే ఏ పిల్లకైనా మనకంటే బాగా తెలుసు. 'ఫోర్ హండ్రెడ్ బ్లోస్' పదమూడు పద్నాలుగేళ్ళు వచ్చాక. 'నోబడీ నోస్' ముందు మీరు ఒక్కరే చూడండి, ఆ తర్వాత ఆలోచిద్దురుగాని. సబ్‌టైటిల్స్ చదవలేని వయసైతే పక్కన కూర్చుని మీరే చదివి చెప్పండి. పిల్లలు మధ్యలో మాట్లాడితే సినిమా ఆపి వినండి. సినిమా ఎక్కడికీ పోదు.